నాణెములపై తెలుగు వ్రాత

మారండహళ్ళి, పాలక్కోడు, రాయకోట ప్రాంతములలోని తెలుగు ఇండ్లలో ధనమునకు ‘దుడ్డు’ అను మాట నేటికిని వాడుకలో నున్నది. కోస్తా జిల్లాలలోని మన బంధువులు ‘డబ్బు’ అందురు. పెండ్లిండ్లలో కలిసికొన్నప్పుడు మన నోట ‘దుడ్డు’ విని వారు నవ్వుదురు. అది కన్నడము కలిసిన తెలుగని తలంతురు. నిజము విచారించినచో ఈ రెండు మాటలును ఒక్క కోవకు చెందినవే. డబ్బన్నను దుడ్డన్నను పూర్వము రాగి నాణెముల పేర్లు. ఆ నాణెములు చెల్లుబాటు తప్పిపోయినవి. వాని పేర్లు మాత్రము ధనమునకంతటికిని వ్యాపించి నిలిచినవి. రూక, కాసు, మాడ, వరహా, పణము, దమ్మిడీ ఇవన్నియు నట్టివే. కాసుకు కొరగాడనియు, దమ్మిడీ ఆదాయము లేదు క్షణము తీరిక లేదనియు మనము నిత్యము చెప్పుకొందుము. ఆ కాసును గాని ఆ దమ్మిడీని గాని కన్నులార చూచినవారు మన పిల్లలలో ఎందరు?

నాణెముల సేకరణమును గూర్చి ఈ సంచికలో వ్రాయుటకు మమ్ము పురికొల్పినది ఈ ప్రశ్నయే. ఈ వ్యాసంగము కలవారి వేడుకయనియు, లేదా బాలుర కాలక్షేపమనియు పలువురి అభిప్రాయము. రెండును కొంతవరకు నిజమే. కాని తెలుగునాటికి వెలుపల స్థిరపడిన మనవంటి కుటుంబములకు దీనియందు మరియొక ప్రయోజనము కలదు. మన పిల్లలు తెలుగు మాటలాడుదురు, చదువలేరు. తమిళనాడులో 2006లో వచ్చిన చట్టము వలన పాఠశాలలలో తమిళము నిర్బంధ పాఠ్యమైనది. తమిళము మనకు పరాయి భాష కాదు. సంతలోను, కచేరిలోను, ఇరుగుపొరుగుతోను అది మన అన్నము పెట్టు భాష. దానిని పిల్లలు చక్కగా నేర్చుట సంతోషమే. అయినను తెలుగు చెవికి మాత్రమే మిగిలి కంటికి దూరమగుచున్నది. ఇట్టి స్థితిలో, మన పాతపెట్టెల అడుగున పడియున్న నాణెములపై తెలుగు అక్షరములున్నవను సంగతి తెలిసికొనదగినది.

బారామహలులో చెల్లిన నాణెములు

మారండహళ్ళి పేరులోని ‘హళ్ళి’ కన్నడము. పాలించునది తమిళ రాష్ట్రము. వీథులలో వినవచ్చు భాషలలో తెలుగొకటి. సేలము నుండి బెంగుళూరునకు పోవు రైలుమార్గములో పాలక్కోడునకును రాయకోటకును నడుమ ఈ ఊరున్నది. కనుమల దిగువ మైదానమునకును ఎగువ మైసూరు పీఠభూమికిని వాకిలివంటి ఈ సీమనే బారామహలని పిలిచిరి. ఇచట రాజ్యములు మారినప్పుడెల్ల నాణెములును మారినవి. ఇచటి పాత నాణెములను ఒక వరుసలో పేర్చినచో నాలుగువందల ఏండ్ల చరిత్ర కన్నులకు కట్టును.

విజయనగర రాజ్యకాలమున ముఖ్యమైన బంగారు నాణెము వరహా. దాని తూకము సుమారు 3.4 గ్రాములు. అందులో సగము ప్రతాపము. పదవ వంతు పణము. హరిహరుని వరహాలపై ఉమామహేశ్వరులును, 1509 నుండి 1529 వరకు ఏలిన కృష్ణదేవరాయల వరహాలపై బాలకృష్ణుడును కానవత్తురు. ఆ రాజుల పేర్లు నాగరిలో నుండును. తెలుగు కవులను పోషించిన రాయల నాణెముపై తెలుగు అక్షరము లేకుండుట మనకు వింతగా తోచును. సామ్రాజ్యమంతట చెల్లవలసిన సొమ్ము గాన నాగరిని వాడియుందురని మేము తలంచుచున్నాము. పెనుగొండ రాయల కాలమున బారామహలు జగదేవరాయలను తెలుగు నాయకుని వశమున నుండెను. మన పూర్వులలో కొందరు ఇటు వచ్చుటకు ఇట్టి నాయకుల కొలువులు కారణమైనవి.

పిదప మైసూరును 1638 నుండి 1659 వరకు పాలించిన కంఠీరవ నరసరాజ ఒడెయరు శ్రీరంగపట్టణమున టంకశాల నెలకొల్పెను. ఈ సీమలోని దుర్గములు కొన్నిటిని జయించినవాడును ఆయనయే. ఆయన ముద్రించిన కంఠీరవ పణముపై నరసింహమూర్తి యుండును. కందిబద్దవంటి ఆ చిన్న బంగారు బిళ్ళ ఆయన తరువాత చాలకాలము లెక్కలలో నిలిచినది.

హైదరాలీ కాలపు వరహా మిక్కిలి ఆలోచింపదగినది. ఆయన ఇక్కేరి వరహాలపై నున్న శివపార్వతుల ప్రతిమను తీసివేయలేదు. నాణెమునకు ఒకవైపు శివపార్వతులు, రెండవవైపు పారసీ లిపిలో తన పేరి మొదటి అక్షరము ఉంచెను. ప్రజలు నమ్మి పుచ్చుకొను ముద్రను మార్చినచో సొమ్ము చెల్లదని ఆ వీరుడెరుగును. ఆయన కుమారుడు టిపూ సుల్తాను రాగి పైసాలపై ఏనుగును ముద్రించెను. వానిలో పెక్కింటి రెండవవైపున టంకశాల పేరుండును. పట్టణము, నగరము, బెంగుళూరు మొదలగు పెక్కు చోట్ల ఆయన టంకశాలలుండెను. మన గుత్తి దుర్గమును వానిలో నొకటి. గుత్తికి ఆయన పెట్టిన ఫైజ్ హిసార్ అను పేరు నాణెముపై కాననగును. కొత్తగా ఏర్పరచిన మౌలూదీ శకపు సంవత్సరమును అంకెలలో కుడినుండి ఎడమకు వ్రాయించుట టిపూ ప్రత్యేకత. ఇది తెలియనివారు ఆ సంవత్సరమును తలక్రిందుగా చదివి తికమకపడుదురు.

1791లో రాయకోట కుంపిణీవారి చేతబడెను. 1792లో శ్రీరంగపట్టణపు సంధిచే బారామహలంతయు వారికి దక్కెను. కెప్టెన్ రీడును, ఆయన సహాయకుడు థామస్ మన్రోయు 1799 వరకు ఇచట పన్నుల ఏర్పాటు చూచిరి. ఈ మన్రోయే పిమ్మట దత్తమండలములకు కలెక్టరై, రాయలసీమవారు తమ బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనునంతటి ఆదరము పొందెను. ఆ దినములలో రైతు చేతికి వచ్చు సొమ్ము ఒక్క తీరుగా నుండెడిది కాదు. ఒక సంతలోనే పలు రాజ్యముల వరహాలు, పణములు, కాసులు కలిసి తిరిగెడివి. ఏది ఎంతకు మారునో చెప్పువాడు షరాబు. అతడు గీటురాతిపై గీచి, తూచి, వట్టము పట్టుకొని మార్చి ఇచ్చెడివాడు. పన్ను కట్టు నాటికి రైతు నష్టములో ఈ వట్టమును ఒక పాలు.

తెలుగు లిపి గల నాణెములు

ఇక మనకు ముఖ్యమైన సంగతికి వత్తము. కుంపిణీవారు ఉత్తర సర్కారుల కొరకు 1794లోను 1797లోను ఇంగ్లండులో యంత్రములపై రాగి నాణెములు కొట్టించి తెప్పించిరి. రూపాయికి 48 అని దానిమీదనే ఇంగ్లీషులో వ్రాసియుండును. అదియే తెలుగువారి డబ్బు. దానిపై తెలుగు అక్షరము లేకున్నను, తెలుగు జిల్లాల కొరకే పుట్టిన నాణెమగుటచే అది మన సేకరణములో నుండదగినది.

1807 తరువాత చెన్నపట్టణపు టంకశాలలో వెండి అరవరహాలు, పావువరహాలు వెలువడినవి. వీనిపై ఒకవైపు నక్షత్రముల నడుమ ఆలయగోపురమును, రెండవవైపు పద్మము నుండి వెలువడు విష్ణుమూర్తియును ఉండును. చుట్టును నాణెపు విలువ నాలుగు భాషలలో నుండును: ఇంగ్లీషు, పారసీ, తమిళము, తెలుగు. చెన్నరాజధానిలో పన్ను చెల్లించువారిలో తమిళులు, తెలుగువారు సరిసమానముగా లెక్కకు వచ్చిరనుటకు ఇంతకంటె నిదర్శన మేల? ఒకే బిళ్ళపై తమిళాక్షరము, తెలుగక్షరము పక్కపక్కన నిలిచిన ఆ నాణెము మనవంటివారి ఇంటి గుర్తువలె నున్నది.

అప్పటి లెక్క నేర్చుకొనుటయు ఒక వినోదమే. 80 కాసులు ఒక పణము. 42 పణములు ఒక నక్షత్ర వరహా. 1818లో చెన్నరాజధాని వరహాను వదలి వెండి రూపాయిని ప్రమాణముగా గ్రహించినది. 100 వరహాలకు 350 రూపాయలని కట్టిరి. 1835లో కుంపిణీ రాజ్యమంతటికి 180 గ్రెయినుల తూకము గల ఒకే రూపాయి వచ్చుటతో షరాబుల పెత్తనము సన్నగిల్లినది.

ఈ కాలపు రాగి కాసులకు సముద్రము నడుగున మునిగి తేలిన కథ యొకటి కలదు. చెన్నపట్టణమునకు 10 కాసుల, 20 కాసుల నాణెములను మోసికొని బయలుదేరిన ‘అడ్మిరల్ గార్డ్‌నర్’ అను ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరమందలి గుడ్విన్ ఇసుకతిన్నెలపై తుపానునకు చిక్కి మునిగిపోయినది. 1980 దశకమున ఈతగాండ్రు లక్షలకొలది నాణెములను వెలికి తీసిరి. మన సంతలలో ఉప్పు మిరియములకు చెల్లవలసిన కాసులు నేడు ప్రపంచమందలి సేకర్తల పెట్టెలలో నున్నవి. ఒక్క సంతనైనను చూడని ఆ కాసుల కంటె, పది చేతులు మారి అరిగిపోయిన మన ఇంటి కాసే మాకు ప్రియమైనది.

ఇరువదవ శతాబ్దమున తెలుగు లిపి భారతదేశమంతట సంచరించినది. ఐదవ జార్జి కాలపు అణా నాణెముపై విలువ నాగరి, వంగ, ఉర్దూ, తెలుగు లిపులలో నుండెను. అంచు వంకీలు తిరిగిన ఒక అణాపైనను, 1918 నుండి వచ్చిన నలుచదరపు బేడపైనను వీనిని చూడవచ్చును. 1919లో మొదలైన నికెలు పావలాపైనను అటులే. పెషావరులో చుట్ట కొన్నవాని చేతిలోను, రంగూనులో బియ్యము కొన్నవాని చేతిలోను తెలుగు అక్షరములుండెను. దక్షిణ భాషలలో ఆ నాణెములకెక్కినది తెలుగొక్కటే. ఇది గర్వించుట కొరకు చెప్పుటలేదు, గుర్తుంచుకొనుట కొరకు. స్వతంత్రము వచ్చిన తరువాత 1950లో వెలువడిన గణతంత్ర నాణెములపై హిందీ, ఇంగ్లీషులు మాత్రమే నిలిచినవి. నోట్ల వెనుక గల భాషల పట్టికలో తెలుగున్నది, నాణెముపై లేదు.

1957 ఏప్రిల్ 1న రూపాయికి 16 అణాల లెక్క పోయి 100 నయాపైసల లెక్క వచ్చినది. 1964లో ‘నయా’ యను మాట తొలగినది. 2011 జూన్ 30 తరువాత పావలాయు, అంతకు తక్కువ పైసలును చెల్లకపోయినవి. పావలా, బేడ, అణా అను మాటలు మన పెద్దల నోట మాత్రమే మిగిలినవి.

సేకర్తలు, పండితులు

దక్షిణదేశమున నాణెముల సేకరణమునకు పునాది వేసినవారిలో తెలుగువారు కలరు. కర్నల్ కాలిన్ మెకంజీ సేకరించిన వ్రాతప్రతులు, శాసనములు లోకప్రసిద్ధములు. 1821లో ఆయన మరణించిన పిదప తయారైన పట్టికలో నాణెములు 6,218 అని లెక్క తేలినది. ఊరూర తిరిగి, భాష తెలిసి, ప్రజలను ఒప్పించి సామగ్రిని సంపాదించుటలో ఆయనకు కుడిభుజములైనవారు ఏలూరివారైన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు. మెకంజీ పేరు పెద్దది. ఆ పేరు వెనుక తెలుగు సోదరుల కాలినడక యున్నది.

పిమ్మట సర్ వాల్టర్ ఎలియట్ దక్షిణ భారత నాణెములపై వ్రాసిన గ్రంథము 1886లో వెలువడెను. కెప్టెన్ టఫ్‌నెల్ నాణెములు సేకరించువారికి సూచనలనే ఒక పుస్తకముగా 1889లో ప్రకటించెను. చెన్నపట్టణపు మ్యూజియము అధికారి ఎడ్గర్ థర్‌స్టన్ 1890లో కుంపిణీ నాణెముల చరిత్ర వ్రాసెను. 1933లో టి. దేశికాచారి గారి దక్షిణ భారత నాణెముల గ్రంథము వచ్చినది. ఎగ్మూరు మ్యూజియములోని శాతవాహన నాణెములను పరిశీలించి 1959లో పుస్తకము ప్రకటించిన మారేమండ రామారావు గారు తెలుగువారు.

మన ధర్మపురి పేరే గల మరియొక ధర్మపురి గోదావరి తీరమున, నేటి తెలంగాణములోని జగిత్యాల జిల్లాలో నున్నది. దానికి చేరువనున్న కోటిలింగాలలో పొలము దున్నినప్పుడు, వాన కురిసినప్పుడు చిన్న చిన్న నాణెములు పైకి తేలుచుండెడివి. 1970 దశకమున ఆ ప్రాంతపు అభిమానులు వానిని ఏరి భద్రపరచిరి. శాసన పండితులు పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు వానిని చదివి లోకమునకు తెలిపిరి. గోబద, సమగోప మొదలగు శాతవాహనులకు ముందటి రాజుల పేర్లు వానివలన బయటపడినవి. శాతవాహన వంశమునకు మూలపురుషుడని పురాణములు చెప్పు చిముకుని పేరును అచటి నాణెములపై కనబడినది. నాడీశస్త్రవైద్యులైన డాక్టరు దేమె రాజారెడ్డి గారు ఆ నాణెములను ఏండ్ల తరబడి పరిశోధించి గ్రంథములు వ్రాసిరి. పొలములో ఏరినవారు, చదివిన పండితుడు, వైద్యవృత్తిలో నుండి పరిశోధించిన సేకర్త, ఈ ముగ్గురిలో ఏ ఒక్కరు లేకున్నను ఆ చరిత్ర మట్టిలోనే యుండెడిది.

తమిళనాట ‘దినమలర్’ సంపాదకులుగా నుండిన ఆర్. కృష్ణమూర్తి గారు ఇట్టివారే. నదులలో దొరకిన రాగిముక్కలను విలువ లేనివని వర్తకులు త్రోసివేయు దినములలో ఆయన వానిని కొని, శుభ్రపరచి, పెరువళుది యను పాండ్యుని పేరు చదివిరి. సంగకాలపు తమిళ నాణెములపై ఆయన గ్రంథము 1997లో వచ్చినది.

1910లో నెలకొన్న భారత నాణక పరిషత్తు ఇట్టివారికి అఖిల భారత వేదిక. దక్షిణ భారత నాణకశాస్త్ర సంఘము సభలు జరిపి, అచట చదివిన వ్యాసములను 1991 నుండి సంపుటములుగా ప్రకటించుచు వచ్చినది. చెన్నపట్టణమున మదరాసు నాణెముల సంఘము కలదు. ఇట్టి కూటములలో బ్యాంకి గుమాస్తా, రైల్వే ఉద్యోగి, పట్టువర్తకుడు, కాలేజి విద్యార్థి ఒకే బల్లయొద్ద కూర్చుండి భూతద్దము చేతులు మార్చుకొందురు. ఒకని చేతిలోని అక్షరము మరియొకడు చదువును. పారసీ తెలిసినవాడు టిపూ పైసా చదివి పెట్టగా, ప్రతిగా మనము అతనికి అణాపై తెలుగు చదివి చెప్పవచ్చును. చదువగలిగిననే సుమా.

కొన్ని హెచ్చరికలు

ఈ వ్యాసంగములో మోసములును కలవు. 1818 అని సంవత్సరము వేసి, హనుమంతుని బొమ్మగాని శ్రీరాముని పట్టాభిషేకముగాని ముద్రించి, కుంపిణీవారి అర్ధణా యని అమ్ము బిళ్ళలు విరివిగా కనబడుచున్నవి. కుంపిణీవారు అట్టి నాణెములను ఎన్నడును ముద్రింపలేదు. వానిలో కొన్ని బియ్యపు గింజలను ఆకర్షించునని నమ్మించి లక్షలు గుంజిన ముఠాలను తమిళనాడు, ఆంధ్ర పోలీసులు పలుమారులు పట్టిరి. పాత నాణెములు కొందుమని తన పేరుతో సాగుచున్న మోసములను గూర్చి రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించినది. తాను అట్టి వ్యాపారము చేయుటలేదని అది స్పష్టముగా తెలిపినది. మన కుటుంబములలోని వృద్ధులకు ఈ సంగతి తప్పక చెప్పవలెను.

పొలములోగాని పునాదిలోగాని పాతిపెట్టిన నాణెములు దొరకినచో వానిని దాచుకొనరాదు. 1878 నాటి నిక్షేపముల చట్టము ప్రకారము విలువ 10 రూపాయలు మించినచో కలెక్టరునకు తెలుపవలెను. నూరేండ్లు దాటిన నాణెములను విదేశములకు పంపుట 1972 నాటి పురావస్తు చట్టముచే నిషిద్ధము. అమెరికాలోని బిడ్డకు కానుకగా పంపబోవువారు ఇది గమనింపవలెను.

పాత నాణెమును చింతపండుతో తోమరాదు. దీపావళికి ఇత్తడి చెంబులతో పాటు వానిని తళతళలాడించు అలవాటు కొన్ని ఇండ్లలో కలదు. అటుల తోమినచో పైపొరతో పాటు అక్షరములును పోవును. మట్టి యున్నచో మంచినీట నానబెట్టి, మెత్తని గుడ్డతో అద్దిన చాలును. దానికంటె ముఖ్యమైనది, నాణెము ఎచట దొరకినదో, ఎవరి చేతినుండి వచ్చినదో వ్రాసి యుంచుట. ఊరు పేరు లేని నాణెము లోహమునకు మాత్రమే వెల చేయును. ఊరు పేరు తెలిసినది చరిత్రకు సాక్ష్యము.

మనము చేయదగినది

మన ఇండ్లలో నాణెములు పలుచోట్ల నున్నవి. కాసులపేరులో గ్రుచ్చినవి కొన్ని. దేవుని గూటిలో పసుపు కుంకుమలు పూసినవి కొన్ని. ముడుపు కట్టిన గుడ్డలో మరచినవి కొన్ని. పెద్దవారు గతించిన పిదప వానిని పాత ఇత్తడితో కలిపి తూకమునకు అమ్ముట మేమెరిగిన ఇండ్లలోనే జరిగినది. ఒక్క మధ్యాహ్నములో మూడు తరముల జాగ్రత్త కరగిపోవును. అమ్మినవారిని నిందింపజాలము, ఆ బిళ్ళపై నున్నది తమ భాషయని వారికి చెప్పినవారు లేరు.

కావున మా విన్నపము చిన్నది. ప్రతి కుటుంబమును తమ యింటి నాణెములకు తెలుగులోనే ఒక పట్టిక వ్రాయవలెను. పట్టికలో బొమ్మ, అక్షరములు, తూకము, వచ్చిన వివరము చాలును. వెల వ్రాయనక్కరలేదు, బంగారము సంగతి బయట పెట్టనక్కరలేదు. అట్టి పట్టికలను మన సంఘము ఒక పుస్తకముగా కుట్టి యుంచినచో, మారండహళ్ళి ప్రాంతపు తెలుగువారి రాకపోకలకు, వర్తకమునకు, బంధుత్వములకు అదియొక ఆధారము కాగలదు. ఉంచుకొన ఇష్టము లేనివారు ఇత్తడివానికి వేయక, ప్రభుత్వ మ్యూజియమునకు ఇచ్చుట మేలు.

పట్టికను వ్రాయు పనిని ఇంటి పిల్లలకే అప్పగింపవలెను. అ ఆలు దిద్దుమన్న దిద్దని బాలుడు, అణాపై నున్న నాలుగు లిపులలో మన లిపి ఏదో వెదకుమన్న వెదకును. దొరకిన పిదప చదువ యత్నించును. ఆ చిన్న బిళ్ళపై నున్న అక్షరములు నాలుగైదే. అవి వచ్చినచో తక్కినవి నేర్పుట ఇంటిలోని అమ్మమ్మకో తాతకో కష్టము కాదు. అది చదువగల అమ్మమ్మలు, తాతలు మన నడుమ నున్నప్పుడే ఈ పని మొదలు పెట్టవలెను.